చేతుల కుర్చీ

ఉప ఎన్నిక నాటి పొద్దున చౌడప్ప వేసుకున్న పథకం చిన్నదే. ఆరింటికల్లా బడికి పోవాలి. ఆడవాళ్ళ పోలింగ్ గదిలో ఏజెంట్ల కోసం వేసే ఒకే ఒక్క చేతుల కుర్చీలో కూర్చోవాలి. సాయంత్రం ఐదు దాకా లేవకూడదు. వేరే పార్టీ ఏజెంటైన పెదనాన్న కొడుకు లక్ష్మణప్ప బెంచీ మీద కూర్చోవాలి.

ఈ కడుపుమంట వయసు రెండేళ్ళు. కిందటి ఎన్నికలో ఆ కుర్చీ లక్ష్మణప్పది. దొంగ ఓట్లు పడ్డాయని ఫలితం మీద కేసు నడిచింది, లక్ష్మణప్ప సాక్షిగా మద్రాసు కోర్టుకు పోయాడు, ఎన్నిక రద్దయింది. అప్పటినుంచి వేప్పనపల్లి టీ అంగట్లో జడ్జి ఏమడిగాడో, తానేం చెప్పాడో వినిపించడమే అతని సేద్యం. వింటూ వింటూ చౌడప్ప చేతిలో టీ చల్లారిపోయేది. చివరికి చౌడప్ప కూడా నిచ్చెన గుర్తు స్వతంత్ర అభ్యర్థిని వెతికి పట్టుకొని ఏజెంటు కాగితం రాయించుకున్నాడు. ఆ అభ్యర్థి ఈ ఊరి మొహం చూసినవాడు కాడు.

లక్ష్మణప్ప వచ్చి, కుర్చీని చూసి, బెంచీ మీద కూలబడ్డాడు.

"తమ్ముడూ, మొగోళ్ళ ఓట్లు పక్క రూములో. పోయి వేసి రాపో," అన్నాడు మెత్తగా.

"నువ్వు పో అన్నా. నాకేం తొందర?"

లక్ష్మణప్ప కదలలేదు. తాను బయట ఉన్నప్పుడు వీడు లేస్తే కుర్చీ అందేదెట్లా?

పదింటికి లక్ష్మణప్ప భార్య వెంకటలక్ష్మమ్మ ఓటుకు వచ్చింది. ఊరికే కూర్చుంటే ఏజెంటని ఎవరు గుర్తిస్తారు? ఈమె జాబితాలోని వెంకటలక్ష్మమ్మేనని రుజువేమిటని చౌడప్ప అడ్డం పడ్డాడు. పోలింగ్ ఆఫీసరు నివ్వెరపోయి, గ్రామాధికారి హనుమంతయ్యను పిలిపించాడు.

"నీ పెండ్లిలో నీకు బాసింగం కట్టింది ఎవురప్పా, మీ నిచ్చెనా?" అంది వెంకటలక్ష్మమ్మ.

వెనకే చౌడప్ప భార్య మునిలక్ష్మమ్మ వచ్చింది. లక్ష్మణప్ప ఆమెకు అడ్డం పడి బదులు తీర్చుకున్నాడు. హనుమంతయ్య అప్పుడే టీకి పోయాడు. ఆఫీసరు చౌడప్పనే అడిగాడు, ఈమె మీ భార్యేనా, వచ్చి సంతకం పెట్టండని. సంతకానికి లేవాలి. చౌడప్ప కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"హనుమంతయ్య వచ్చి చెప్తాడులే సార్."

మునిలక్ష్మమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "సరే. మధ్యాహ్నం సంగటి గూడా హనుమంతయ్య ఇంట్లోనే తిను."

ఆపైన అత్తలూ, మరదళ్ళూ, కోడళ్ళూ ఎవరొచ్చినా ఇద్దరూ వదల్లేదు. వరుస రోడ్డు దాకా సాగింది. ఇద్దరికీ కూడు రాలేదు, నీళ్ళు తాగే ధైర్యమూ లేదు. ఐదింటికి పెట్టెకు సీలు వేశాక ఇద్దరూ ఒకేసారి లేచారు. అప్పటికి పక్క గదిలోనూ సీలు పడింది. ఇద్దరి ఓటూ మిగిలిపోయింది.

లెక్కింపులో ఆ ఊరి నుంచి నిచ్చెనకు సున్న. ఏజెంటే ఓటు వేయలేదని టీ అంగట్లో లక్ష్మణప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. సాయంత్రానికి అతని నవ్వు ఆగిపోయింది. అతని పార్టీ మనిషి ఒక్క ఓటుతో ఓడిపోయాడు.

ఓడినవాడు మళ్ళీ కేసు వేశాడు. ఆ గదిలో ఓట్లకు అడ్డం పడిన సంగతి చెప్పమని ఈసారి కోర్టు ఇద్దరినీ పిలిచింది. చౌడప్ప కొత్త పంచె కట్టాడు. కృష్ణగిరిలో ఇద్దరూ ఒకే మద్రాసు బస్సు ఎక్కారు.

కిటికీ పక్క సీటు ఒక్కటే ఖాళీగా ఉంది.