గౌరవ భయ సలహాదారు

కొండలు రెండు రకాలు. ఎక్కగలిగినవి కొన్ని, అనుమతిస్తే ఎక్కగలిగినవి కొన్ని. ఊరి చివరి కొండ ఎప్పటినుంచో రెండో రకానికి చెందింది. దాని బాగోగులు చూడడానికి ఆరుబయలు శాఖ అని ఒక శాఖ కూడా ఉంది. (ఆ శాఖవారు కిటికీలు తెరవరు. ఫ్యాను గాలికే కాగితాలు ఎగిరి చస్తుంటే బయటి గాలి కూడా ఎందుకని వారి వాదన.)

ఈ శాఖ ఉన్నట్టుండి చక్రాల కుర్చీ సాహస యాత్ర ప్రకటించింది. చక్రాల కుర్చీల్లో తిరిగేవాళ్ళు కొండ మీదికి వెళ్ళాలి. వాళ్ళ తెగువ చూసి జనం చందాలివ్వాలి. ఆ చందాలతో, చక్రాల కుర్చీలు కొండ మీదికి వెళ్ళేందుకు బాట వెయ్యాలి. అంటే, వెళ్ళడానికి వీలులేని చోటికి ముందు వెళ్ళి చూపిస్తే, ఆ తరవాత వెళ్ళడానికి వీలు కల్పిస్తారు. ఇందులో తిరకాసు ఏమైనా ఉందని శాఖలో ఎవరికీ అనిపించలేదు.

రాకెట్టు మాత్రం సంబరపడిపోయింది. రాకెట్టంటే ఫిర్యాదుల ఫోన్లకు జవాబిచ్చే ఆఫీసులో పనిచేసే అమ్మాయి. పొద్దస్తమానం "మీ సహనానికి ధన్యవాదాలు" అనడం ఆమె ఉద్యోగం. ఆఫీసు వరండాలో ఆమె కుర్చీ దూసుకుపోయే తీరు చూసి తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళే ఏటా కొండ మీదికి విహారానికి వెళ్ళి, పైనున్న పెద్ద బండ మీద కూర్చుని భోంచేస్తూ, ఆ ఫోటోలు ఆమెకు పంపుతారు. ఆమె అన్నిటికీ బొటనవేలి బొమ్మ పెడుతుంది.

"ఈసారి ఆ బండ మీద నేను అన్నం తింటూ ఫోటో పంపుతానమ్మా. బొటనవేళ్ళు వాళ్ళు పెట్టుకుంటారు," అంది.

తల్లి చేతిలోని గరిటె జారి గిన్నెలో పడింది. ఆవిడ చదివింది ఏడో తరగతే గానీ, రాబోయే ఆపదల విషయంలో ఉద్దండ పండితురాలు. పాలవాడు ఆలస్యంగా వస్తే వాడికేమైందోనని, పెందలాడే వస్తే వాణ్ని ఎవరు తరుముతున్నారోనని గుండెలు బాదుకునే మనిషి.

"కొండేమిటే తల్లీ! గడ్డి తడిగా ఉంటే చక్రం జారదూ?"

"యాత్ర ఎండాకాలంలోనమ్మా."

"అయితే వడదెబ్బ!"

"మరి ఏ కాలంలో వెళ్ళమంటావు?"

"ఇంట్లో ఏ కాలమైనా బాగానే ఉంటుంది కదే," అంది తల్లి.

కూతురు వినేలా లేదు. దాంతో టైలరు దగ్గరికి వెళ్ళొస్తానని చెప్పి, తల్లి ఆరుబయలు శాఖకు వెళ్ళింది. చక్రాల కుర్చీల విభాగం మేడ మీద ఉంది. (మెట్లెక్కి వెళ్ళి అడిగితే, మెట్లెక్కకుండా వచ్చే దారి చూపిస్తారు.) అక్కడ భద్రతాధికారి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయన దగ్గరికి ఒక్క ప్రమాదమూ రాలేదు. చక్రాల కుర్చీలను ఎక్కడికీ వెళ్ళనివ్వకపోవడం వల్ల ఆ విభాగానికి పట్టిన దౌర్భాగ్యం అది. బల్ల మీద ఆయన ఈల దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

"వద్దనడానికి రాలేదు బాబూ. ఊరికే, మనసాగక వచ్చాను. చక్రానికి రాయి అడ్డం పడితేనో?"

భద్రతాధికారి నిటారుగా కూర్చున్నాడు. "రాయా?"

"కొండన్నాక రాళ్ళుండవా అండీ?"

"ఉండొచ్చమ్మా!" అని పెన్ను మూత తీశాడు. "ఇంకా?"

ఆ మాట ఆవిడను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు. పోయిన భర్త, బతికున్నన్నాళ్ళూ అటు తిరిగి పడుకునేవాడు. కూతురు "అమ్మా, ఇక చాలు" అంటుంది. ఇక్కడ ఒక అధికారి, జీతం తీసుకునే మనిషి, టీ తెప్పించి మరీ "ఇంకా" అంటున్నాడు. ఆవిడ కుక్కల సంగతి చెప్పింది. తేనెటీగల సంగతి చెప్పింది. కుర్చీ తోసేవాళ్ళకు తుమ్మొచ్చి చేతులు వదిలేస్తే ఏం గతి అని అడిగింది. తుమ్ము దగ్గర ఆయన కళ్ళు చెమర్చాయి. ఆవిడ మెట్లు దిగేసరికి గౌరవ భయ సలహాదారు అయిపోయింది.

ఆ తరవాత టైలరు దగ్గరికి తరచూ వెళ్ళవలసి వచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ కుర్చీని ఇంకాస్త ఫ్యాను దగ్గరికి జరిపేవారు.

ఒక ఆదివారం వీధిలోకి మైకు బండి వచ్చింది.

"ఆరుబయలు శాఖ తెలియజేయునది! తడి గడ్డి మీద చక్రం జారితే ఇంకేముంది నా తల్లీ! కనుక యాత్రను కొండ మీదినుంచి కొండ కిందికి మార్చడమైనది. కొండ కింద కుక్కలుంటాయి, వాటి నోళ్ళు మనం కుట్టగలమా! కనుక కొండ కిందినుంచి శాఖ సమావేశ మందిరానికి మార్చడమైనది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు ఏదైనా అయితే లేచి పరిగెత్తనైనా లేరు పాపం! కనుక లేచి పరిగెత్తగల సిబ్బందే వారి తరఫున చక్రాల కుర్చీల్లో కూర్చొందురు. కన్ను మూసి తెరిచేలోగా ఏమైనా జరగొచ్చు బాబూ!"

పక్కింటావిడ బాల్కనీలోంచి తొంగి చూసింది. "వదినా, మైకులో గొంతు మగాడిదే గానీ మాటలు అచ్చం నీవే!"

తల్లి లోపలికి వచ్చేసరికి రాకెట్టు కుర్చీ గుమ్మానికి అడ్డంగా ఉంది.

"టైలరు దగ్గరికన్నావు."

"జాకెట్టు ఇంకా కుట్టలేదే వాడు," అంది తల్లి.

"నాకేదైనా అవుతుందని నీ భయం. ఏదీ జరగకుండానే ముసలిదాన్నయిపోతానని నా భయం. నీ భయానికి ఆరుబయలు శాఖలో కుర్చీ వేశారు. నా భయాన్ని ఏ ఆఫీసుకి తీసుకెళ్ళమంటావమ్మా?"

తల్లి మర్నాడే శాఖకు వెళ్ళి తన భయాలన్నీ వెనక్కి ఇచ్చెయ్యమంది.

"అలా కుదరదమ్మా. భయం ఒకసారి శాఖలో చేరాక, ఆ ప్రమాదం లేదని రుజువైతేనే తీసేస్తాం. ఎవరైనా చక్రాల కుర్చీలో కొండెక్కి, రాళ్ళు లేవని చూసి రావాలి," అన్నాడు భద్రతాధికారి.

"అయితే మా అమ్మాయిని, నన్నూ వెళ్ళనివ్వండి. చూసొస్తాం."

"ఎలా వెళ్ళనిస్తానమ్మా? రాళ్ళుంటాయి కదా!"

యాత్ర దిగ్విజయంగా జరిగింది. సమావేశ మందిరంలో గోడకు కొండ ఫోటో కట్టారు. సిబ్బంది హెల్మెట్లు పెట్టుకుని, అద్దె కుర్చీల్లో బల్ల చుట్టూ తిరిగారు. శాఖాధిపతికి కళ్ళు తిరగడంతో పడుకోబెట్టి మజ్జిగ తాగించారు. (ఇదే కొండ మీద జరిగి ఉంటేనా, అని అందరూ గుండెల మీద చేతులు వేసుకున్నారు.) చందాలు బాగానే వచ్చాయి. కొండ దగ్గర పని మొదలైంది. సిమెంటు లారీలు వెళ్ళడం రాకెట్టు ఆఫీసు కిటికీలోంచి చూసింది. ఎంత కోపం వచ్చినా లారీలో ఉన్నది నిజమైన సిమెంటే కదా.

ప్రారంభోత్సవానికి గౌరవ భయ సలహాదారు చేతనే రిబ్బను కట్ చేయించారు. ఆ పొద్దున ఆవిడే అన్నం కలిపి డబ్బాలో పెట్టి, మూత రెండుసార్లు నొక్కి చూసి, కూతురి ఒళ్ళో పెట్టింది. కొండ మొదట్లో ర్యాంపు ఉంది. నున్నగా, వెడల్పుగా, రెండు పక్కలా పట్టుకోవడానికి గొట్టాలతో ఉంది. రాకెట్టు పేరు నిలబెట్టుకుంటూ ఒక్క ఊపున పైకి పోయింది.

ర్యాంపు చివర ఇనుప గేటు ఉంది. గేటుకు తాళం ఉంది. తాళం పైన పలక మీద "తల్లి మనసుతో, మీ భద్రత కోసం" అని చెక్కి ఉంది. చందాలు అంతవరకే సరిపోయాయట.

"తాళం తియ్యండి బాబూ," అంది తల్లి భద్రతాధికారితో.

"అవతల ప్రమాదమమ్మా."

"ఏముంది అవతల?"

"మీరే చెప్పారు కదమ్మా!"

"నాకేం తెలుసు బాబూ? నేనెప్పుడైనా వెళ్ళానా?"

"నేను మాత్రం వెళ్ళానా? అందుకేగా మీ మీద ఆధారపడ్డాం," అని భద్రతాధికారి రాకెట్టు వైపు తిరిగాడు. "బాట వచ్చే దశలో వేస్తామమ్మా. మీ సహనానికి ధన్యవాదాలు."

రోజంతా ఆ మాట అనే అమ్మాయికి, వింటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. గేటు కమ్మీల్లోంచి కాసేపు పైకి చూసింది. బండ అక్కడినుంచి కనిపించదు. అన్నం డబ్బా సర్దుకుని, కుర్చీ వెనక్కి తిప్పి, ర్యాంపు కిందికి వదిలేసింది. చక్రాలు గిర్రున తిరిగాయి. జడ గాల్లోకి లేచింది.

తల్లి నోరు తెరిచింది.

పక్కనే భద్రతాధికారి పెన్ను మూత తీశాడు.

తల్లి అతని పెన్ను వైపు చూసింది. కిందికి దూసుకుపోతున్న కూతురి వైపు చూసింది. పైటచెంగు నోట్లో కుక్కుకుని, నోరు మూసుకుంది.

ఆ ఏడాది సాహస యాత్ర మొత్తంలో జరిగిన సాహసం అదొక్కటే.