పాత మిలిటరీ జాకెట్ ఎంత గట్టిదంటే

పాత మిలిటరీ జాకెట్ పనికిరాదని ఎవరన్నా అంటే నమ్మకండి. అంత గట్టి వస్తువు ఇంకోటి లేదు! కళ్లారా చూసి చెబుతున్నాను.

నాకు మాటలు తక్కువ. ముప్పై ఏళ్లుగా పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీలో విజిల్ వేసే పని నాది. నోట్లో విజిల్ ఉన్నవాడికి మాటలెక్కడివి? కానీ ఈ జాకెట్ల మీద ఊళ్లో అపవాదు లేచింది. ఊరుకోలేక రాస్తున్నాను.

టీవీలో జవాన్లు ఛాతీకి కట్టుకుంటారే, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్, అది. మిలిటరీ వాళ్లు వాడి వాడి పక్కన పడేసినవి. మా క్వారీ ఓనరు బాపయ్యగారు గుంటూరులో పాతసామాన్ల కొట్టు నుంచి పన్నెండు తెప్పించారు. పన్నెండుమంది పనివాళ్లకి పన్నెండు. కొత్తవి తేవచ్చుగా అంటారా? కొత్తదానికి అనుభవం ఏముంటుందండీ? పాతది సరిహద్దు చూసి వచ్చింది!

అంతకుముందు మా పద్ధతి మరీ మోటుగా ఉండేది. రాతిలో మందు కూరాక నేను మూడు విజిళ్లు వేసేవాణ్ణి. మొదటిదానికి పనిముట్లు కింద పెట్టాలి. రెండోదానికి అందరూ పరుగెత్తి పాత బట్టీ గోడ వెనక్కి చేరాలి. తలలు లెక్కపెట్టుకుని మూడోది వేస్తేనే పేల్చేది. దుమ్ము అణిగి మళ్లీ పనిలోకి దిగేసరికి అరగంట! రోజుకి రెండు పేలుళ్లు, అంటే గంట! దేశం ఇంత వేగంగా ముందుకు పోతుంటే పన్నెండుమంది గోడ వెనక గంటసేపు కూర్చోవడమా? సిగ్గుచేటు కాదూ?

జాకెట్లు వచ్చాక ఆ బాధ పోయింది. ఒకటే విజిల్. "నాలుగడుగులు అవతలికి జరిగి వీపు ఇటు తిప్పి నిలబడండి. పేలగానే పని అందుకోండి," అన్నారు బాపయ్యగారు.

రాయి వెనకనుంచి వస్తుంది కదా! అందుకని మావాళ్లు తెలివిగా జాకెట్ తిరగేసి తొడిగారు. ఛాతీ మీద ఉండాల్సిన పలక వీపు మీదికి వచ్చింది. కొత్త బండి కొంటే ప్రార్థన చేయించుకుంటాం కదా, అలాగే పాస్టరుగారిని పిలిచి జాకెట్ల మీద చెయ్యి పెట్టించాం. చాలా బాగా చేశారు ప్రార్థన. ఆమెన్ అన్నాక విజిల్ వేశాను. పాస్టరుగారు మాత్రం గోడ వెనక్కి వెళ్లారు. పాత అలవాటు!

మిగతా లాభాలు చెప్పాలా? ఆ పన్నెండుమందిలో ఒకడైన మా అల్లుడు సాల్మన్ అది వేసుకునే గుంటూరు బస్సెక్కాడు. ఒక్క మోచెయ్యి తగల్లేదు! తుళ్లూరు వెళ్తే స్థలాల బ్రోకరు కూడా పక్కకి తప్పుకున్నాడు. పైగా పది కిలోల బరువు. రోహిణి ఎండలో దాని లోపల కారే చెమటకి మనిషి సగమైపోతాడు. మనిషి సన్నబడితే రాయికి గురి దొరకదు. అంత దూరం ఆలోచించారండీ బాపయ్యగారు!

మంచిపనికి అడ్డం పడేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. మా అమ్మాయి దేవకుమారి, సాల్మన్ భార్య, రోజూ ఒకటే గొడవ.

"నాన్నా, నువ్వు మూడూ వెయ్యి. ఆయనకి ఏదన్నా అయితే ఈ జాకెట్ నా పిల్లల్ని సాకుతుందా?"

"ఒకటే వెయ్యమన్నారమ్మా."

"ఊపిరి నీదేగా!"

మళ్లీ ఒకటే వేశాను. అది ఊరుకోలేదు. మిలిటరీలో పాతికేళ్లు చేసి వచ్చిన లాల్ అహ్మద్‌ని పిలుచుకొచ్చింది. అతను జాకెట్ లోపల కుట్టిన చీటీ చదివి నవ్వాడు.

"ఒరేయ్ సాల్మన్, దీని గడువు తీరి తొమ్మిదేళ్లయింది రా. ఎండకీ చెమ్మకీ లోపలి గుడ్డ బలం పోతుంది. పలక పింగాణీ లాంటిది. ఎవడో ఎప్పుడో కింద పడేసి ఉంటే లోపలే చిట్లి ఉంటుంది, పైకి కనపడదు. ఎక్స్‌రే తీస్తేగానీ తెలీదు."

"కాలు విరిగితేనే మనకి ఎక్స్‌రే లేదు బాబాయ్, జాకెట్‌కి తీయిస్తారా?" అన్నాడు సాల్మన్.

"నవ్వులాట కాదు. ఇది తూటాని ఆపడానికి, బండరాయిని ఆపడానికి కాదు. ఆపినా ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? నీ వీపులోకే!"

చదివినవాళ్లతో ఇదే చిక్కు. చీటీలు చదువుతారు. నేను మూడో తరగతి. గడువుల జోలికి పోను.

అంతటితో ఆగారా? పరీక్ష పెట్టారు! మర్నాడు సాల్మన్ నిలబడే చోట గుంజ పాతి, దానికి గుమ్మడికాయ కట్టి, పైన సాల్మన్ జాకెట్ తొడిగారు. దేవకుమారి మొగుణ్ణి చొక్కా పట్టుకుని గోడ వెనక్కి లాక్కెళ్లింది, మిగతావాళ్లమూ వెనకే వెళ్లాం. విజిల్ వేశాను. పేలింది. కొబ్బరికాయంత రాయి వచ్చి జాకెట్ నడిమధ్యన తగిలింది.

వెళ్లి చూశాం. జాకెట్ మీద గీత పడలేదు! పట్టీలు విప్పితే లోపలినుంచి గుజ్జూ గింజలూ జారాయి.

సాల్మన్ చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకున్నాడు.

బాపయ్యగారికి పట్టుకెళ్లి చూపించాం. అటూ ఇటూ తిప్పి చూసి, "చూశారా, చెక్కుచెదర్లేదు! ఇంకా అనుమానమేంటి మీకు?" అన్నారు.

"గుమ్మడికాయ, అయ్యగారూ..." అన్నాను.

"ముదరని కాయ కట్టుంటారు."

అయ్యుండచ్చు. సాల్మన్‌కి ముప్పై రెండేళ్లు. ముదిరాడో లేదో నాకు తెలియదు.

ఆ పరీక్షతో జాకెట్ల అసలు ఉపయోగం తెలిసింది. ఇప్పుడు పన్నెండు గుంజలు పాతాం. విజిల్ వేయగానే పన్నెండు జాకెట్లూ వాటికి తొడిగి, పైన తలపాగాలు చుట్టి, పన్నెండుమందీ గోడ వెనక్కి పోతారు. మిగతా రెండు విజిళ్లూ చేత్తో ఊపి చూపిస్తున్నాను. దుమ్ము అణగకముందే దగ్గుకుంటూ పనిలోకి దిగుతున్నాం గనక అరగంట పట్టదు, బాపయ్యగారికి తేడా తెలియదు. ఒక్కరికీ గాయం లేదు! ఇంత రక్షణ ఇచ్చే వస్తువుని పట్టుకుని పనికిరాదంటారా?

బాపయ్యగారు పేలుడు చూడటానికి వస్తారు గానీ మెయిన్ రోడ్డు మీదే కారు ఆపుతారు. కిలోమీటరు దూరం. పాపం, ఆయనకి జాకెట్ లేదు కదా! అక్కణ్ణించి పన్నెండు వీపులు వరసగా కనపడితే ఆయనకి తృప్తి.

మొన్న శుక్రవారం రాయి వచ్చి సాల్మన్ గుంజని విరగ్గొట్టింది. జాకెట్ బోర్లా పడింది. వెంటనే నా ఫోన్ మోగింది. బాపయ్యగారు! ఎవరు పడ్డారని అడుగుతారు, ఏం చెప్పాలా అని పక్కన కూర్చున్న అల్లుడి వంక చూశాను. వాడూ నా వంక చూశాడు.

"జక్రయ్యా, ఒకటి కింద పడ్డట్టుంది. జాకెట్ చిరిగిందా?"

"లేదండీ," అన్నాను. "చాలా గట్టిది."