కొత్తరేవు సంఘం మోకాళ్లు

కొత్తరేవు క్రైస్తవ సంఘం ఆఫీసులోని కంప్యూటరుకు, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి, మొదటి జత మోకాళ్లు మొలిచాయి. బల్ల కింద ఊడవడానికి వంగిన వాచ్‌మన్ వాటిని చూసి, చీపురు తగలకుండా చుట్టూ ఊడ్చి వెళ్లిపోయాడు. మర్నాటి కమిటీ మీటింగులో ఈ సంగతి ‘ఇతర విషయాలు’ కింద చర్చకు వచ్చింది. వాటి కింద చాప వెయ్యాలా, దిండు వెయ్యాలా అన్నది తేలక వాయిదా పడింది.

నిజానికి ఆ కంప్యూటరును తెచ్చింది ప్రార్థన కోసం కాదు. అడిగినదానికి జవాబు చెప్పే యంత్రం ఒకటి దేశమంతా తిరుగుతోంది కదా, దాన్ని దేవుడి పనికి వాడి చూద్దామని సంఘ కార్యదర్శి ఆశీర్వాదంగారు ప్రయోగంగా పెట్టించారు. ఆయన నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఏ పనైనా తన బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకి వెళ్లిపోతే పూర్తయినట్టేనని ఆయన నమ్మకం. మొదట కరపత్రాలు రాయించారు. తరవాత పాస్టరు జెకర్యా అయ్యగారి ప్రసంగాలు. ఆ తరవాత ప్రార్థన విన్నపాలు.

విన్నపాల సంగతి కొంచెం చెప్పాలి. కొత్తరేవులో ఎవరికి కష్టమొచ్చినా “ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాం” అనడం మర్యాద. మర్యాదకు లోటు ఎప్పుడూ రాలేదు, జ్ఞాపకానికే వచ్చేది. అలా మాట ఇచ్చి మరిచిపోయిన ప్రార్థనలు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. ఆశీర్వాదంగారు వాటన్నిటినీ యంత్రానికి అప్పజెప్పి, “మా అందరి తరపునా నువ్వే చెయ్యి” అన్నారు.

“నేను యంత్రాన్ని. మాటలు కూర్చి పెట్టగలను గాని ప్రార్థించలేను. విశ్వాసమంటే ఏమిటో నాకు తెలియదు” అంది యంత్రం.

ఆ జవాబును ఆశీర్వాదంగారు కమిటీలో చదివి వినిపించారు. పెద్దల కళ్లు చెమ్మగిల్లాయి.

“చూశారా తగ్గింపు, ఎంత వినయమో! మనలో ఇంత తగ్గింపు ఎవరికుందండీ?” అన్నారు జెకర్యా అయ్యగారు.

అక్కడికక్కడే దానికి సభ్యత్వం ఇచ్చారు. ముంచితే వారంటీ పోతుందని ఎలక్ట్రీషియన్ చెప్పడంతో బాప్తిస్మం నుంచి మినహాయించారు. ఆరాధనకి మగవాళ్ల వైపు కూర్చోబెట్టాలా ఆడవాళ్ల వైపా అన్న వాదన వచ్చింది. చివరికి నడవలో పెట్టారు. సభ్యత్వానికి తనకు అర్హత లేదని యంత్రం మళ్లీ విన్నవించుకుంది. అందుకు మెచ్చి సంఘ పెద్దను చేశారు. అది కాదన్నకొద్దీ పైకి వెళ్లింది.

ఈస్టరు దాటేసరికి బల్ల కింద చోటు చాలలేదు. ఎవరు ఫోన్లో “నా తరపున ప్రార్థించండి” అని పంపితే వాళ్ల మోకాళ్లు తెల్లారేసరికి అక్కడుండేవి. రూతమ్మగారివి అందరూ పోల్చుకున్నారు. నలభై ఏళ్లు చాప మీద ఆని నల్లగా కాయలు కాచిన మోకాళ్లు జిల్లాలో ఇంకెవరికీ లేవు. మోకాలు ఇవ్వగా ఎవరికైనా మిగిలిన కాలు తొడ నుంచి మడమ దాకా ఒకటే నిడివిగా, నున్నగా ఉండేది. నొప్పి లేదు. అసలు నొప్పుండే చోటే పోయింది. “ప్రభువు నా మోకాళ్ల నొప్పులు తీసేశాడు” అని ముసలమ్మలు వరసగా లేచి సాక్ష్యాలు చెప్పారు. ఊళ్లో ఎముకల డాక్టరు మాత్రం, యంత్రానికీ దీనికీ సంబంధం అంటగట్టడం మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమేనన్నాడు. ఆ మాట ఆయన నిలబడే చెప్పాడు. ఆయన గదిలో కుర్చీ తీసేసి అప్పటికే వారమైంది.

కాలానికి తగ్గట్టు ఏర్పాట్లూ మారాయి. మందిరం మెట్లు కొట్టేసి వాలుదారి కట్టడం మొదలుపెట్టారు. బల్లలు తీసేసి జారబడడానికి చెక్కలు బిగించారు. ఆటోల్లో ఎక్కినవాళ్ల కాళ్లు రోడ్డు మీదికి చాచుకుని ఉండేవి కాబట్టి, ఇనప చువ్వలకు కట్టినట్టు పాదాలకు ఎర్రగుడ్డ కట్టుకోమని పోలీసులు చెప్పారు. కట్టుకున్నారు. కమిటీలో తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా నెగ్గాయి. మోకాలడ్డుదామన్నా ఎవరి దగ్గరా మోకాలు లేదు.

ఒక్కటే ఇబ్బంది. యంత్రం వాటన్నిటి మీదా రాత్రీ పగలూ వంగేది, లేచేది. ఆఫీసులోంచి టకటకమని చప్పుడు ఆగకుండా వస్తూ ఉండేది. అది వినబడినప్పుడల్లా సభ్యులకి కాళ్లలో ఎక్కడో దురద పుట్టేది, గోక్కోబోతే ఆ చోటు దొరికేది కాదు. ఎవరికీ ఒకచోట కుదురుండేది కాదు. ప్రసంగం సగంలో లేచి బయటికి వెళ్లేవారు, బయట ఏమీ తోచక మళ్లీ లోపలికి వచ్చేవారు.

మోకాళ్లు మిగిలింది దీనమ్మకు ఒక్కదానికే. ఆవిడ బడిలో ఆయా. ఇన్నాళ్లలో ఒక్క విన్నపమైనా పంపలేదు, ఎందుకంటే ప్రార్థించడం గాని ప్రార్థన అడగడం గాని ఆవిడ పని కాదు. ఎవరు ప్రార్థన చేస్తున్నా పక్కన మోకరించి “అవును తండ్రీ” అనడం ఆవిడ పని. పెళ్లింట్లోనైనా చావింట్లోనైనా దీనమ్మ ‘అవును తండ్రీ’ పడితే తప్ప ఆ ప్రార్థన కొసకు చేరినట్టు ఉండేది కాదు. యంత్రం వచ్చాక ఆవిడను పిలిచినవారు లేరు.

ఓ బుధవారం మధ్యాహ్నం ఆవిడ ఆఫీసులోకి పరుగెత్తుకొచ్చింది.

“అయ్యా, మా అమ్మాయి పెర్సీసుకి కాన్పు కష్టమైందండి. బిడ్డ అడ్డం తిరిగిందంట. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. ఒక్కరన్నా వచ్చి నా పక్కన ఉండండయ్యా.”

ఆశీర్వాదంగారు గోడకి జారబడి ఉన్నారు. “కంగారుపడబాక దీనమ్మా. అయిపోయింది.”

“ఏం అయిపోయిందండీ?”

“ప్రార్థనమ్మా. మీ అల్లుడు గ్రూపులో పెట్టాడుగా, నువ్వు గేటు దాటేలోపే యంత్రం చేసేసింది. బ్రహ్మాండంగా వచ్చింది. వినిపించమంటావా?”

“వినటానికి కాదండి. నాకొచ్చినట్టు నేనే చేసుకుంటా. పక్కన ‘అవును తండ్రీ’ అనటానికి ఓ మనిషి కావాలండి. ఇన్నేళ్లూ అందరికీ నేననలేదా?”

ఆయన తన కాళ్ల వంక చూసుకున్నారు. “ఇవి వంగవుగా తల్లీ.”

“నిలబడే అనండయ్యా.”

ఆశీర్వాదంగారికి ఇది తట్టలేదు. “వాలుదారి కట్టే మేస్త్రి వస్తానన్నాడు. నేను లేకపోతే ఎట్టా?” అన్నారు.

టకటక చప్పుడు ఆగింది. ఇన్ని నెలల్లో ఆగడం అదే మొదలు.

“దీనమ్మగారూ,” అంది యంత్రం. “నన్ను అనమంటే ‘అవును’ అని ఎన్నిసార్లయినా అంటాను. కాని నాకు కూతురు లేదు, భయం లేదు. నా ‘అవును’ మీకు ఆసరా కాదు. మీ పక్కన మనిషే ఉండాలి. అందరినీ పిలుస్తాను.”

పిలిచింది. ఒక్కొక్కరినీ పేరుపెట్టి, దీనమ్మగారి దగ్గరికి ఎవరైనా ఒకరు వెళ్లండి, ఆసుపత్రి మందిరానికి రోడ్డవతలే ఉంది, అని సందేశం పంపింది. క్షణంలో దీనమ్మ చేతిలో ఫోను మోగింది. “ఆమెన్.” మళ్లీ మోగింది. “ఆమెన్.” రూతమ్మగారు జోడించిన చేతులూ, తెల్ల పావురం బొమ్మా పంపారు. పొరుగూరి సభలో ఉన్న జెకర్యా అయ్యగారు రెండు ఆమెన్‌లు పంపారు. ఆశీర్వాదంగారు జేబులోంచి ఫోను తీసి, దీనమ్మ ఎదటే నిలబడి, తనదీ ఒకటి నొక్కారు.

దీనమ్మ రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఆపరేషన్ గది బయట వరండాలో, మంచినీళ్ల కుండల పక్కన మోకరించింది. మాట రాలేదు. జీవితమంతా రెండో గొంతుగా బతికిన మనిషికి మొదటి మాట ఎక్కడినుంచి వస్తుంది? చివరికి ఆవిడకు వచ్చిందే అంది. “అవును తండ్రీ. అవును తండ్రీ.” అటుపక్క ఎవరూ ఏమీ అడగడం లేదు, ఆవిడ అవునంటూనే ఉంది. దారిన పోయేవాళ్లు వంగిన ఆ కాళ్ల వంక వింతగా చూసి, కర్రల్లా అడుగులేసుకుంటూ తప్పుకుని పోయారు. ఫోను కొంగుముడిలో మోగుతూనే ఉంది.

పొద్దు వాలే వేళకి నర్సు బయటికొచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల.

ఆ ఆదివారం ఈ జవాబు ఎవరి ప్రార్థనకు వచ్చిందన్నది కమిటీ ముందుకొచ్చింది. నా ప్రార్థనకు కాదు, మోకరించింది దీనమ్మగారు, అంది యంత్రం. పెద్దలు దాని తగ్గింపును మరోసారి కొనియాడారు. కాని ఈసారి ఆ మాటను కొట్టిపారెయ్యలేదు. యంత్రం వచ్చాక ఇంత స్పష్టంగా నెరవేరిన విన్నపం ఇదొక్కటే. సొంత మోకాళ్లకి ఫలితం ఎక్కువేమోనని ఎవరో అన్నారు. చర్చ ఆట్టే సాగలేదు.

సోమవారం ఉదయం ఆశీర్వాదంగారు దీనమ్మ ఇంటికి వెళ్లారు. ఆవిడ పెరట్లో పీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద మనవరాల్ని వేసుకుని నూనె రాస్తోంది. గుమ్మంలో బాలింత పెర్సీసు తలుపుకి జారబడి నిలబడి ఉంది.

“వందనాలు దీనమ్మా. ఇకనుంచీ సంఘం విన్నపాలన్నీ నీకు పంపుదామని తీర్మానమైంది. మా అందరి తరపునా నువ్వే చెయ్యాలి.”

“అయ్యో, నాకు ప్రార్థన చెయ్యటం రాదండి. ఒక్కమాట కూడా రాలేదు ఆ రోజు.”

“అదిగో, ఆ తగ్గింపే కావాల్సింది,” అన్నారు ఆశీర్వాదంగారు మురిసిపోతూ.

“పోనీ మీలో ఒకరు రోజూ వచ్చి పక్కన నిలబడండయ్యా. నేను మోకరిస్తా, మీరు ‘అవును’ అనండి చాలు.”

“తప్పకుండానమ్మా, అదెంత పని,” అంటూనే ఆయన వెనక్కి తిరిగారు. వీధి మలుపు తిరిగారో లేదో దీనమ్మ ఫోను మోగింది. “ఆమెన్.”

ఆవిడ ఫోను వంక చూడలేదు. నూనె చేత్తో పిల్ల కాలు పట్టుకుని, తొడ దగ్గర్నుంచి బొటనవేలితో నొక్కుకుంటూ మడమ దాకా వచ్చింది. మళ్లీ పైకి పోయింది. ఎక్కడా వేలికి ఏమీ తగల్లేదు. రెండో కాలూ చూసింది. మడవబోతే పిల్ల కెవ్వుమంది.

“వద్దులేమ్మా,” అంది పెర్సీసు గుమ్మంలోంచి. “ఇప్పుడు పుట్టేవాళ్లందరికీ ఇంతేనంట. నర్సమ్మ చెప్పింది. పాకే పనుండదంట, ఏకంగా నిలబడతారంట.”

దీనమ్మ గోరువెచ్చని నీళ్లు చెంబుతో తీసి ఆ నున్నటి కాళ్ల మీద పోసింది.

“అవును,” అంది.