బల్లి పలికిన సంతృప్తి

ఒక పెద్ద అడవిలో గాలికి కూలే చెట్లు ఎక్కువ, ఆ చెట్లతోపాటు పడిపోయే గూళ్ళు అంతకన్నా ఎక్కువ. అందుకని అక్కడ ఒక బీమా సంస్థ పుట్టింది. పేరు కొమ్మా రెమ్మా బీమా సంస్థ. ఏటా దోసెడు గింజలు కట్టాలి. గూడు పడిపోతే కొత్త గూటికి కావలసిన పుల్లా పీచూ సంస్థ ఇస్తుంది. చెప్పుకోడానికి పద్ధతి చాలా బాగుంది. చెప్పుకోడానికి బాగుండని బీమా ఏదైనా ఉందా చెప్పండి?

ఏజెంట్లుగా కాకుల్ని పెట్టారు. గుమ్మం ముందు కాకి అరిస్తే చుట్టాలొస్తారని అడవిలో అందరికీ నమ్మకం. కావుమన్న చప్పుడు వినగానే ఇల్లు ఊడ్చుకుని, నాలుగు గింజలు ఎక్కువ వండుకుని ఎదురుచూసేవాళ్ళు. తీరా బయటికొచ్చి చూస్తే చుట్టమూ ఆ కాకే, దాని ముక్కున పాలసీ. వండిన కూడు ఎలాగూ ఉంది, వచ్చినదాన్ని పొమ్మనడం ఎలా? ఒప్పేసుకునేవాళ్ళు. ఈ కథ చెప్పేవాడి దగ్గర కూడా అలా ఒప్పుకున్న పాలసీ ఒకటుంది. దాని సంగతి ఇప్పుడెందుకులెండి.

సంస్థకు చైర్మన్ ఐరావతంగారనే ఏనుగు. ఆయన గదిలో మిణుగురుల దీపం ఒకటి వెలిగేది. ఆ దీపం పక్క గోడమీద సత్యానందం అనే బల్లి కాపురం. అతని హోదా ఏజెంట్ల సంతృప్తి శాఖాధికారి. అర్హత మాత్రం ఒక్కటే. మాట చివర బల్లి పలికితే ఆ మాట నిజమని అడవిలో అనుకుంటారు. చైర్మన్‌గారు ఏదన్నా అనగానే సత్యానందం "చ్చు చ్చు చ్చు" అనేవాడు. అంతటితో అది నిజమైపోయేది. మళ్ళీ ఎవరూ వెళ్ళి చూసేవారు కాదు.

తన సంగతి తనకు తెలియక కాదు. "నాకూ వెన్నెముక ఉందని వైద్యుడు కొంగ చెప్పాడు. ఆఫీసులో దాన్ని వాడే అవసరం రాక కొత్తదిలాగే ఉండిపోయింది" అని తనమీద తనే జోకులేసుకునేవాడు. అయినా ఆ గోడ వదిలేది లేదు. దీపానికి వచ్చే పురుగులు నోటిదాకా వచ్చేవి. మెడ తిప్పితే భోజనం. మిణుగురుల్ని మాత్రం తినకూడదని ఉద్యోగ నిబంధన. మిగతా బల్లులు ఆకలికి గోడలు పట్టుకుని తిరుగుతుంటే, తన పొట్ట చూసుకుని సత్యానందం గర్వపడేవాడు, వెంటనే కొంచెం సిగ్గుపడేవాడు, మళ్ళీ తినేవాడు.

ఇంతలో కాకులు ఒక్కొక్కటే కొండవతల నక్కల బీమా కంపెనీకి ఎగిరిపోవడం మొదలుపెట్టాయి.

"ఏమయ్యా సత్యానందం, సంతృప్తి శాఖ ఉండగా అసంతృప్తి ఎలా పుడుతుంది?" అని గర్జించారు ఐరావతంగారు. ఏనుగు గర్జించదు, ఘీంకరిస్తుంది. కానీ చైర్మన్ అయ్యాక సింహంలా మాట్లాడాలని ఆయన సరదా. "ఇంకొక్క కాకి కొండ దాటిందంటే నువ్వు ఈ గోడ దిగిపోతావు!"

"చ్చు చ్చు చ్చు" అన్నాడు సత్యానందం అలవాటుగా.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. తన ఉద్యోగం పోయే మాటకు తనే సాక్ష్యం చెప్పాడు. ఇక అది నిజం కాక మానదు.

పరుగు పరుగున కాటమ్మ దగ్గరికి వెళ్ళాడు. కాటమ్మ సంస్థలో అందరికన్నా పాత ఏజెంటు. ముక్కు అరిగిపోయిన ముసలి కాకి.

"కాటమ్మగారూ, మీకు ఏం కావాలో చెప్పండి. ఏం చేస్తే ఏజెంట్లు మనతో ఉంటారు?"

"మాకేం కావాలి బల్లిబాబూ. ఉడత మంగతాయారు గూడు గాలికి పడిపోయింది కదా. ఏటా గింజలు కడతానే ఉంది. పుల్ల రాలేదు, పీచు రాలేదు. పిల్లల్ని బండ సందులో పెట్టుకుని కూచుంది. వానలొచ్చేలోగా గూడు కావాలి. ఆ పాలసీ అంటగట్టింది నేనే. ఆ చెట్టు మీదుగా ఎగరడానికి మొహం చెల్లక చుట్టు తిరిగి పోతన్నాను. అది ఇప్పించండి చాలు. మొహం చెల్లే చోటునుంచి ఏ కాకీ ఎక్కడికీ పోదు."

సత్యానందానికి ప్రాణం లేచొచ్చింది. ఇంత చిన్న పనా! రేపటి మీటింగులో చెప్పేస్తానని మాటిచ్చాడు.

మీటింగులో అతనికన్నా ముందు ఒక ఊసరవెల్లి కూర్చునుంది. పై అడవినుంచి పిలిపించిన టెక్నాలజీ నిపుణుడట. గుమ్మం దగ్గర మట్టిరంగులో ఉన్నవాడు, చైర్మన్‌గారి పక్క కుర్చీ చేరేసరికి అచ్చం ఆయన రంగులోకి వచ్చేశాడు.

"నేటి ఏజెంటుకు కావలసింది అనుభూతి సార్" అన్నాడు ఊసరవెల్లి. "ప్రతి కాకికీ ఒక మెరిసే పలక ఇద్దాం. వెనక మిణుగురులు, ముందు అభ్రకం. సంతృప్తిగా ఉన్నప్పుడల్లా పలకమీద పొడవాలి. పొడిస్తే తళుక్కుమంటుంది. బాగా పొడిచినవాళ్ళకి వెండి కాకి, బంగారు కాకి బిరుదులు. ఎవరెంత విధేయులో ఇక్కడ కూర్చునే చూసుకోవచ్చు."

తొండం ఆనందంగా ఊగింది. "అదీ సిస్టమంటే! క్లెయిముల విషయంలో మనకి వంక పెట్టడానికే లేదు. అన్నీ ఎప్పటికప్పుడు తీరిపోతున్నాయి" అన్నారు చైర్మన్‌గారు.

ఇదే సమయమని సత్యానందం నోరు తెరిచాడు. నిజంగానే తెరిచాడు. 'మంగతాయారు' అన్న పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాలుకకు తెలిసింది ఒకటే విద్య.

"చ్చు చ్చు చ్చు."

మూల కూర్చున్న తాబేలు చటుక్కున తల బయటపెట్టింది. క్లెయిముల శాఖ దానిదే. అది చటుక్కున ఏదైనా చేయడం అందరూ చూసింది అప్పుడే. "బల్లి పలికాడు! అయితే నా దగ్గరున్న పెండింగు అంతా తీరిపోయినట్టే" అంటూ వీపుమీద పేరుకున్న దరఖాస్తుల్ని పక్కనున్న వాగులోకి జార్చేసి, హాయిగా డొప్పలోకి ముడుచుకుంది.

పలకలు వచ్చాయి. పలకమీద 'మీరు సంతృప్తిగా ఉన్నారా?' అని ఉండేది. కింద రెండు బొమ్మలు. ఒకటి నవ్వే మొహం, రెండోది ఇంకా బాగా నవ్వే మొహం.

మెరిసే వస్తువంటే కాకికి ఎంత ప్రాణమో తెలిసిందే. తెల్లారితే చాలు, ఆఫీసు చెట్టుమీద వరసగా కూర్చుని టకటకా పొడవడమే పని. పొడిచినకొద్దీ తళుకు, తళుకు చూసినకొద్దీ ఇంకా పొడవాలనే ఆశ. కొండ దాటిన కాకులు కూడా తిరిగొచ్చేశాయి. "చూశావా విధేయత!" అని చైర్మన్‌గారు మురిసిపోయారు. ఒక్క కాకి కూడా ఆఫీసు దాటి వెళ్ళడం లేదు. ఎవరి గుమ్మం ముందూ కావుమనడం లేదు. ఈ మధ్య చుట్టపక్కాలు బొత్తిగా రావడం మానేశారని అడవిలో ఆడవాళ్ళు దిగులు పడసాగారు.

ఒకనాడు కాటమ్మ వచ్చి పలకను సత్యానందం ముందు పడేసింది.

"దీన్నిండా నవ్వు మొహాలే ఉన్నాయి బాబూ. మంగతాయారు మొహం ఇందులో ఎక్కడుందో చూపించు, అక్కడ పొడుస్తాను."

సత్యానందం గోడకు అతుక్కుపోయాడు.

"తాబేలునడిగితే క్లెయిము తీరిపోయిందంది. బల్లి పలికాడు అంది. పలికావా?"

అతనికి సిగ్గేసింది. ఉన్న సంగతి ఒప్పుకుని, చైర్మన్‌గారి దగ్గరికి ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాలనిపించింది. అదే సమయానికి దీపం దగ్గర బలిసిన పురుగుల గుంపొకటి వాలింది. అటు చూశాడు.

"సిస్టమ్ కొత్తది కదండీ. కుదురుకోడానికి టైము పడుతుంది" అన్నాడు.

కాటమ్మ పలక అక్కడే వదిలేసి ఎగిరిపోయింది. కొండవైపు కాదు, మంగతాయారు ఉన్న బండవైపు.

కొండ దాటకపోయినా వెళ్ళిపోయిన కాకి వెళ్ళిపోయిన కాకే. ఈ సంగతి పైకి పొక్కితే గోడ పోతుంది. సత్యానందం పలకను చూరులో దాచి, రోజూ తన నాలుకతో ఇంకా బాగా నవ్వే మొహంమీద ఠపీమని కొట్టడం మొదలుపెట్టాడు. కాకులైతే అప్పుడప్పుడు కునుకుతీసి మరిచిపోయేవి. భయం ఉన్నవాడు మరిచిపోడు. 'ఇంత నిష్ఠగా ఉద్యోగం ఎప్పుడూ చెయ్యలేదు, అదీ ఇంకొకరి ఉద్యోగం' అని తనలో తనే నవ్వుకున్నాడు.

దాని ఫలితం కొన్నాళ్ళకి వచ్చింది. సంస్థ వార్షికోత్సవం నాడు ఐరావతంగారు వేదికమీద నిలబడి ప్రకటించారు.

"ఈ ఏటి ఉత్తమ సంతృప్త ఏజెంటు... కాటమ్మ!"

చప్పట్లు మోగాయి. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు. మళ్ళీ ఎవరూ లేవలేదు. అప్పుడు ఊసరవెల్లి మెల్లగా దగ్గాడు. అప్పటికే వాడి ఒంటిమీద చైర్మన్‌గారి కోపం రంగు ఎక్కుతోంది.

"ఆవిడ వెళ్ళిపోయి చాలా రోజులైంది సార్. చూరులో దొరికిన ఈ పలకమీద ముక్కు గాటు ఒక్కటీ లేదు. అంతా నాలుక తడే."

"ఇంత అబద్ధమా!" అన్నారు చైర్మన్‌గారు. ఆయన బాధ అబద్ధమైనందుకు కాదు, సభలో బయటపడినందుకు. "దిగు గోడ!"

దిగాడు. దీపం పక్క గోడ ఇంకో బల్లికిచ్చారు. సత్యానందం ఆకలితో నకనకలాడుతూ క్యాంటీను గోడమీద పాకాడు. కింద దున్నల కోసం పెట్టిన కుడితి తొట్టి ఉంది. దానిమీద ముసిరే ఈగల్ని పట్టుకుందామని ఆశ. సభలోంచి ఉపన్యాసం ఇక్కడికీ వినిపిస్తోంది.

"మన సంస్థను నమ్ముకున్నవాళ్ళంతా సుఖంగా ఉన్నారు!" అన్నారు ఐరావతంగారు.

ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. "చ్చు చ్చు చ్చు" అన్నాడు. ఆ ఊపుకి ఆకలితో సడలిన కాళ్ళ పట్టు కాస్తా జారి, బుడుంగున కుడితిలో పడ్డాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తానుపోయి కుడితిలో పడిందన్న సామెత అంతకుముందే ఉందో, ఆ రోజే పుట్టిందో తెలియదు. పడేవాడికి మాత్రం అది గుర్తొచ్చింది, నవ్వూ వచ్చింది. నోట్లోకి కుడితి వెళ్ళేసరికి నవ్వు ఆగింది.

చప్పుడు విని క్యాంటీను గేదె లోపలినుంచి కేకేసింది. "ఏదో పడినట్టుందే. ఎవరూ లేరు కదా అక్కడ?"

"రక్షించండి!" అనబోయాడు సత్యానందం. భయంతో ఆ ఒక్క విద్యే బయటికొచ్చింది.

"చ్చు చ్చు చ్చు."

"ఆఁ, బల్లి పలికాడు. ఎవరూ లేరు" అనుకుని గేదె తన పనిలో పడిపోయింది.

తౌడు ముద్ద ఒకటి పట్టుకుని తేలుతున్నాడు. అది కరిగిపోతోంది. ఇలాంటి కేకలే వాగులో కొట్టుకుపోయిన దరఖాస్తుల్లో ఎన్ని ఉన్నాయో అని అప్పుడు తట్టింది. ఏడుపొచ్చింది. కుడితిలో కన్నీళ్ళు ఎవరికి కనిపిస్తాయి?

క్యాంటీను వెనక గడ్డి ఏరుకోడానికి వచ్చిన కాటమ్మకు బల్లి పలుకు వినబడింది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. తొట్టి అంచుమీద వాలి లోపలికి తొంగి చూసింది. అంతే. చూస్తే కనిపించాడు.

ముందు తోక పట్టుకుని లాగింది. తోక ఊడి ఆమె ముక్కునే ఉండిపోయింది. రెండోసారి మెడ పట్టుకుని గట్టున పడేసింది.

"కాటమ్మగారూ, నాకూ ఒక పాలసీ ఉందండీ" అన్నాడు సత్యానందం వణుకుతూ. "తోకకి క్లెయిము..."

"వెళ్ళి అడుగు నాయనా" అంది కాటమ్మ.

వెళ్ళి అడిగాడు. తాబేలు డొప్పలోంచే జవాబిచ్చింది. "క్లెయిములన్నీ తీరిపోయాయని ఆ రోజు పలికింది తమరే కదండీ. ఇప్పుడు కొత్తగా ఇస్తే మీ మాట అబద్ధమైపోదూ? మీ పరువు నాకు ముఖ్యం."

ఆ ఏడు గింజలు కట్టేవాళ్ళు లేక సంస్థ గాదె ఖాళీ అయింది. కారణం కనుక్కుందామని చైర్మన్‌గారు మళ్ళీ సర్వే చేయించారు. అందరూ పరమ సంతృప్తిగా ఉన్నారని తేలింది. ఊసరవెల్లి అప్పటికే కొండవతల నక్క రంగులో ఉన్నాడు.

వానలు రాకముందే మంగతాయారు చెట్టుమీద గూడు మళ్ళీ లేచింది. కాటమ్మ పుల్లలు మోసింది. ఆమెను చూసి ఆమె దగ్గర పాలసీలు పుచ్చుకున్నవాళ్ళు తలో పుల్లా తెచ్చారు. సత్యానందం మొండితోకతో కొమ్మమీద పాకుతూ సందుల్లో పీచు కుక్కాడు. అక్కడ దీపం లేదు. పొట్ట కూడా కొంచెం తగ్గింది.

పిల్లల్ని లోపల పడుకోబెట్టి మంగతాయారు బెరుగ్గా అడిగింది.

"బల్లిగారూ, ఈసారి నిలుస్తుందంటారా?"

గొంతులో ఆ పాత చప్పుడు లేచింది. నోరు గట్టిగా మూసుకున్నాడు. గూడంతా ఒకసారి చుట్టి వచ్చాడు, ప్రతి పుల్లా కదిపి చూశాడు.

"తూర్పు పక్క కొంచెం వదులుగా ఉందమ్మా. ఇంకో పుల్ల కావాలి" అన్నాడు.

నీతి: ఏజెంట్లు తృప్తిగా ఉన్నారని తేల్చాలంటే సర్వే చేయించండి, నిజం తెలియాలంటే కుడితిలో పడండి.