దగ్గరివాళ్లకే తగిలే గొడ్డలి

మీ మీద అరిచేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వెంటనే వెళ్లి థ్యాంక్స్ చెప్పి రండి. ‘ఏంటీ వెటకారం?’ అని మళ్లీ అరుస్తారు. అదృష్టవంతులు!

మనిషి ఉన్నట్టుండి కోపంతో ఊగిపోతే ఇంగ్లీషులో ‘ఫ్లయింగ్ ఆఫ్ ది హ్యాండిల్’ అంటారు. పిడిలోంచి ఊడి ఎగిరిపోవడమన్నమాట. వెనకటి గొడ్డళ్లకు పిడి కర్ర ఎండిపోతే బిగువు తప్పేదట. కొట్టేవాడు ఎత్తగానే ఇనుప తల ఊడి ఎగిరేదట. ఎవరికి తగిలేది? తప్పు చేసినవాడికా? కాదు, దగ్గర నిలబడ్డవాడికి!

ఎంత గొప్ప సంగతో చూశారా! బాసు మీ మీద అరిచాడంటే మీరు ఆయనకు దగ్గరివారు. ట్రాఫిక్‌లో వెనక కారువాడు కిటికీ దించి మీ ఏడు తరాలనూ తలుచుకున్నాడంటే, అతను కనీసం మీ బంపర్‌కైనా ఆప్తుడు.

నా భార్య ఉన్నన్నాళ్లూ ఆ గొడ్డలి తల రోజుకోసారి నాకు తగిలేది. తడి తువ్వాలు కుర్చీ మీద వేసినందుకు. ఆవిడ పోయి మూడేళ్లు. అప్పటినుంచి లోకమంతా నాతో మెత్తగా మాట్లాడుతోంది. కోడలు ‘మీ ఇష్టం మామయ్యా’ అంటుంది. మొన్న బ్యాంకులో క్యూ తప్పి ముందుకు దూరినా ‘పోనీలే, పెద్దాయన’ అన్నారు! ఇంతకన్నా అవమానం ఉంటుందా?

మిగిలింది ఒక్కరే. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ. నా పూలకుండీల నీళ్లు ఆవిడ ఆరేసిన చొక్కాల మీద పడితే చాలు, “పైన మనుషులున్నారా, మబ్బులున్నాయా?” అని వీధంతా వినబడేలా అరిచేది. ఆ పూట నాకు ఆకలి వేసేది.

పోయిన వారం మా వాచ్‌మన్ ఆవిడకు, భార్య పోయిందని, నా కథంతా చెప్పేశాడు. మర్నాడు మళ్లీ నీళ్లు పడ్డాయి.

“పర్లేదు బాబాయ్‌గారూ, అవే ఆరిపోతాయి.”

ఎంత మర్యాద! ఎంత దూరం!

గొడ్డలి పిడిని నీళ్లలో నానబెడితే ఉబ్బి, తల బిగుసుకుంటుందంటారు. తెలిసి కూడా నిన్న కుండీల్లో నాలుగు చెంబులు ఎక్కువే పోశాను.

మెట్ల మీద టకటకా చప్పుడు. మెడలో టేపు, చేతిలో తడి చొక్కాతో ఆవిడ గుమ్మంలో నిలబడింది.

“ఏం బాబాయ్! నీళ్లు మొక్కలకా, నా చొక్కాలకా? సాయంత్రానికి ఇచ్చెయ్యాలిది!”

‘గారు’ ఊడి ఎగిరిపోయింది! అంతలో ఆవిడ చూపు నా కుర్చీ మీద పడింది.

“అదేంటి, తడి తువ్వాలు కుర్చీ మీద వేస్తారా ఎవరైనా?”

మూడేళ్లయింది ఆ మాట విని.

చొక్కా నేనే ఇస్త్రీ చేసి ఇచ్చాను. తువ్వాలు మాత్రం తియ్యలేదు.