వరండాలో గేట్ మీటింగ్

ఆ సోమవారం పొద్దున్న ఆలిస్ ఇంట్లో గొడవ మసిగుడ్డతో మొదలైంది. పొయ్యి మీద అన్నం పొంగిపోతోంది, గిన్నె దించడానికి గుడ్డ లేదు. చీర కొంగు అడ్డం పెట్టి దించి, కాలిన వేళ్లు ఊదుకుంటూ ఆమె వరండాలోకి వచ్చేసరికి, భర్త సుందర్ రాజు ఆ గుడ్డతోనే నల్లబల్ల తుడుస్తున్నాడు.

"ఏటండీ, ఇల్లంతటికీ మీకు నా మసిగుడ్డే దొరికిందా?"

"డస్టర్ లేకుండా బడేటి ఆలిస్? బీయే సదివినావు, ఆమాత్రం తెలీదా?"

"బీయేలో మాకెవరూ మసిగుడ్డతో బల్ల తుడవలేదు."

బడి పెట్టవలసిన అవసరం నిజంగానే వచ్చింది. నాలుగో తరగతి చదివే ఎమిలీ జామచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. "ఇంట్లో చదివించండి. మార్చి పరీక్ష పాసైతే ఐదుకు పంపిస్తాం, లేకపోతే మళ్లీ నాలుగే," అని హెడ్మిస్ట్రెస్ ఆలిస్ ముఖం మీదే చెప్పింది. ఎమిలీకి ఎక్కాలంటే గుండె దడ. పప్పు ఏరుకుంటూ పక్కన కూర్చోబెట్టుకుని తనే చెప్పుకుందామని ఆలిస్ అనుకుంది. అంతలో సుందర్ రాజు ఏదో పత్రికలో, పిల్లలకు ఇంట్లో చదువు చెప్పే తల్లిదండ్రులకు సలహాలు చదివాడు. ఇంట్లోనైనా క్రమశిక్షణ ముఖ్యమన్నది మొదటి సలహా. రెండోదాని దాకా పోకుండానే ఆయన సెలవు పెట్టేశాడు.

ఆయనకు తెలిసిన క్రమశిక్షణ ఒక్కటే, రైల్వే వర్క్‌షాపుది. అందులో ఆయన ఫిట్టరు, ఆపైన యూనియన్ సెక్రటరీ. అంచేత షాపు సైరన్ మోగగానే ఎమిలీ కట్టుకట్టిన కాలుతో కుంటుకుంటూ వరండాలోకి వచ్చి హాజరు వేయించుకోవాలి. ఆలస్యమైతే సగం పూట కోత, అంటే సాయంత్రం రేడియో లేదు. షాపులో క్యాంటీన్ ఉంది కాబట్టి ఇక్కడా ఉండాలన్నాడు. క్యాంటీన్ అంటే ఆలిస్.

ఈ వైభోగం చూసి పక్క క్వార్టర్ ఎలీసమ్మ, పొద్దుటి బడి విడవగానే తన మనవలిద్దరినీ ఇటు తోలింది. "ఒకరికి సెప్పినా ముగ్గురికి సెప్పినా నోరొకటే కదే ఆలిసమ్మా!" అంది. ఆవిణ్ణి చూసి వెనక వీధి బెంగాలీ దీదీలు కూడా తమ పిల్లల్ని పంపారు. గురువారానికి వరండాలో చెప్పులు పెట్టుకోను చోటు లేదు. అందరికీ హాజరు వేసి, అందరి కోతలూ తేల్చి, అందరికీ ఉప్మా పెట్టేసరికి పూట గడిచిపోయేది. పోనీ చదువు ఇంటిపనిగానైనా సాగనిద్దామని సుందర్ రాజు ఆవేళ హోంవర్కు ఇచ్చాడు.

ఎమిలీ చెయ్యెత్తింది. "నాన్నా, మన బడి ఇంట్లోనే కదా. బడి అయిపోయినాక కూడా అదే పని సేస్తే దాన్ని ఓవర్‌టైమ్ అంటారు. నువ్వే సెప్పినావు."

"అది షాపులోనమ్మా."

"మరి ఓవర్‌టైమ్‌కి మాకేటిస్తావు?"

"వీపు మీద ఒకటిస్తాను!"

ఆ మాట అనకుండా ఉండవలసింది. ఎమిలీ పుట్టింది మొదలు ఆ వరండాలో జరిగిన యూనియన్ మీటింగులన్నీ వింటూ పెరిగింది. యాజమాన్యం బెదిరించాక ఏం చేయాలో ఎక్కాలకంటే దానికి బాగా వచ్చు. మర్నాడు పిల్లలు దాన్ని కుర్చీతో సహా మోసుకెళ్లి గేటు బయట దించి, చుట్టూ బైఠాయించారు. దండెం మీది ఆలిస్ ఎర్ర లంగా కర్రకెక్కింది. "చోల్బే నా! చోల్బే నా!" అని బెంగాలీ పిల్లలు అరిస్తే, "సాగదు! సాగదు!" అని మన పిల్లలు అందుకున్నారు.

సరిగ్గా అప్పుడే భోజనాల సైరన్ మోగింది. సైకిళ్ల మీద ఇళ్లకు పోతున్న షాపువాళ్ల కళ్లకు సెక్రటరీ ఇంటి ముందు ఎర్రజెండా కనిపించింది. సెక్రటరీయేమో వారమై డ్యూటీకి రావడం లేదు. ఆయన శిష్యుడు గోవిందరావు సైకిల్ అక్కడే పడేశాడు.

"దాదాని సస్పెండు సేసేసినార్రా! కాలిరిగిన పిల్ల రోడ్డెక్కిందంటే ఇంట్లో పొయ్యి ఎలగట్లేదు!"

కాసేపట్లో వీధి నిండిపోయింది. మళ్లీ సైరన్ మోగినా ఒక్కడూ షాపు వైపు కదల్లేదు. "సుందర్ దాదా జిందాబాద్!" అని పెద్దలు, "సుందర్ దాదా డౌన్ డౌన్!" అని పిల్లలు. ఎక్కడో తేడా ఉందని ముందుగా గోవిందరావుకే అనుమానం వచ్చింది. ఎమిలీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇంతకీ మేనేజ్‌మెంటు ఎవులమ్మా?"

ఎమిలీ వేలు పెట్టి చూపించింది. వరండాలో సుందర్ రాజు, చేతిలో మసిగుడ్డతో.

"దాదా," అన్నాడు గోవిందరావు లేచి నిలబడి. "ఓవర్‌టైమ్ అడిగితే కొడతానన్నావా?"

"ఒరే, అది నా కూతురురా!"

"ప్రతి మేనేజరూ మనల్ని పిల్లల్లాగా సూసుకుంటానంటాడని గేటు దగ్గర ఎక్కిరించేది నువ్వే కదా దాదా."

ఎలాగూ సగం పూట కోత పడిపోయింది కాబట్టి ఒప్పందం చూసే పోదామని అందరూ వరండా నిండా కూర్చున్నారు. సుందర్ రాజు చేతులెత్తేశాడు. హోంవర్కు రద్దు. రోజుకు రెండుసార్లు టిఫిన్. ఓవర్‌టైమ్‌కు మిరపకాయ బజ్జీలు. చర్చలకు వచ్చిన పెద్దలకు తక్షణం చాయ్. ఒప్పుకున్నవన్నీ వంటింట్లోంచే రావాలి. వంటింటిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి భోజనానికి ముగ్గురూ కూర్చున్నాక, ఆలిస్ చేపల పులుసు గిన్నె మీద మూత తియ్యలేదు.

"ఎమిలీ, ఏడెనిమిదులు?"

"అది ఇంకా రాలేదమ్మా. హాజరు దగ్గరే ఉన్నాం."

సుందర్ రాజు మంచినీళ్లు తాగాడు.

"రేపట్నుంచి మీరు డ్యూటీకి పోతన్నారు," అంది ఆలిస్. "దీనికి నేను సెప్తాను, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసి. సైరనూ లేదు, హాజరూ లేదు. ఎలీసమ్మత్త మనవలు ఎలీసమ్మత్త దగ్గరే. క్యాంటీన్ ఈ పూటతో మూసేసినాను."

"యూనియన్‌తో మాటాడకుండా అలగెలగ..."

"మాటాడినాను."

ఎమిలీ కంచంలోంచి తలెత్తలేదు. "మాకు ఒప్పుదలే నాన్నా. సేప తలకాయ నాకే అన్నాది అమ్మ."

ఆలిస్ గిన్నె మూత తీసింది. ఆమె చేతిలో మసిగుడ్డ ఏ చర్చలూ లేకుండా అప్పటికే డ్యూటీలో చేరిపోయింది.