భువన గట్టిపడిన రోజు

మే నెల పదకొండో తేదీ పొద్దున ఏడు గంటలకు కుళ్ళాయమ్మ కూతురు భువన వంటింటి గడప దగ్గర కరిగి నీళ్ళయింది. ఆ ఊళ్ళో వేసవికి ఇరవై ముప్ఫై మంది కరగడం మామూలే కనుక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎదురింటావిడ మాత్రం పాలక్యాన్ కడిగి తెచ్చిచ్చింది. కుళ్ళాయమ్మ కూతుర్ని మెత్తటి పాతచీరతో అద్దుకుని క్యాన్‌లోకి పిండుకుంది. మూత బిగించి, ఆటోలో ఎక్కించుకుని, వార్డు ఆఫీసుకు బయలుదేరింది.

కరిగినవాళ్ళను అదే రోజు సాయంత్రం నాలుగు కొట్టేలోపు గడ్డకట్టించుకోవాలన్నది నియమం. ఆలస్యమైతే ఆవిరైపోతారు. ఆవిరైనవాళ్ళ వ్యవహారం రెండో అంతస్తులో చూస్తారు. అక్కడి గుమాస్తాలు రేషను కార్డులో పేరు కొట్టేసి, కిటికీ తెరిచి పెడతారు.

కుళ్ళాయమ్మ ఏడో తరగతి దాకా చదివింది. నీళ్ళు ఆవిరవుతాయని ఆ చదువులోనే తెలుసుకుంది. అందుకే పాప ఉందో లేదోనని ఆటోలో ఒకసారి, మెట్ల మీద ఒకసారి, వరుసలో నిలబడి ఏడుసార్లు మూత తీసి చూసింది. తీసిన ప్రతిసారీ సన్నటి పొగలాంటిది లేచిపోయేది. అది చూసి, ఇంకెంత పోయిందోనని మళ్ళీ తీసేది.

గుమాస్తా ఎర్రిస్వామి క్యాన్‌ను తూకం మీద పెట్టి, ఆరోగ్య కార్డులోని బరువుతో సరిచూశాడు.

"కిలో తక్కువొస్తాంది. మూత తీసినావా అమ్మా?"

"చూసుకోకుండా ఎట్లుంటాను సార్? ఆడపిల్ల."

"అందరూ తీస్తారులే. పోయేటివి చిన్నవే. పాటలు, మొండితనం, ఇట్లాంటివి." రిజిస్టరులో 'స్వల్ప నష్టం' అని రాసుకున్నాడు.

నీళ్ళకు సొంత ఆకారం ఉండదు. కాబట్టి మనిషి ఎలా ఉండేదో దగ్గరివాళ్ళు చెబితే, ఆ ప్రకారం రేకుతో అచ్చు చేసి, అందులో పోసి గడ్డకట్టిస్తారు. చెప్పలేనివాళ్ళకు ప్రభుత్వ అచ్చు ఉంది. అందులో గట్టిపడినవాళ్ళు నలుగురు వరండా బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఎవరి పేరు పిలిచినా నలుగురూ లేస్తున్నారు.

"పాప నడక ఎట్లుంటాది?" అని అడిగాడు ఎర్రిస్వామి.

"తల దించుకుని నడవమని చెప్తాను సార్."

"నువ్వు చెప్పేది కాదమ్మా, ఆ పాప నడిచేది."

కుళ్ళాయమ్మ ఆలోచించింది. కూతురు వీధి మలుపు తిరిగే సమయం నిమిషాలతో సహా తెలుసు. నడక గుర్తుకు రాలేదు.

"నవ్వు?"

"గట్టిగా నవ్వొద్దంటాను. అప్పట్నుంచి నేను వినలేదు."

"పోనీ, కోపమొస్తే?"

"తలుపేసుకుంటాది. లోపల ఏం చేస్తాదో ఏమో, నేను బయట్నే కూర్చోనుంటాను."

గోడ మీద గడియారం మూడుంబావు దాటింది. క్యాన్ పక్కన నేల చెమ్మగిల్లుతోంది.

"నీకు బాగా తెలిసిన ఆకారం ఏదో ఒకటి చెప్పమ్మా," అన్నాడు ఎర్రిస్వామి. "ఊరికే నిలబడితే పాప పైఅంతస్తుకు పోతాది."

"నా కొలతలే రాసుకోండి సార్," అంది కుళ్ళాయమ్మ. "నాకింతవరకూ ఏమీ కాలేదు."

అతను ఆశ్చర్యపోలేదు. ఆమె పేరు, పుట్టిన సంవత్సరం అడిగి, బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి వేలితో వరుసలు వెతికాడు.

"నీకు పదేళ్ళప్పుడు మీయమ్మ కూడా నిన్ను ఇట్లే తెచ్చింది. ఆమె కూడా తన కొలతలే రాయించింది. అచ్చు లోపలే ఉంది. కొత్తది చేసే పనే లేదు."

తను ఎప్పుడో కరిగిన సంగతి కుళ్ళాయమ్మకు తెలియదు. ఆ వరుసలో తన పేరు మీద వేలు పెట్టి చూసింది.

"చిల్లులేం లేవు కదా సార్?"

"మందం రేకమ్మా. దాంట్లోంచి ఇంకో నలుగురొస్తారు."

నాలుగుకు ఐదు నిమిషాలుండగా లోపలి గది తలుపు తెరుచుకుంది. భువన చల్లగా, గట్టిగా, భుజాలు కొంచెం ముందుకు వంచి బయటికొచ్చింది. కుళ్ళాయమ్మ ఆమెను తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసుకుని ఏడ్చింది.

"పొద్దున్నుంచి ఏం తినలేదు. ఏం చేసి పెట్టేది పాపా?"

భువన నోరు తెరిచి, జవాబు ఎక్కడో పెట్టి మరిచినట్టు కాసేపు ఆగింది.

"నీ ఇష్టం మా," అంది.

కుళ్ళాయమ్మకు ఆ రోజులో మొదటిసారి గుండె కుదుటపడింది.